మొదటి రకం మధుమేహంలో మిఠాయిలు, ఇన్సులిన్ మోతాదు

మొదటి రకం మధుమేహం (టైప్ 1 డయాబెటిస్) ఉన్నవారు తీపి, కొవ్వు రెండూ అధికంగా ఉండే మిఠాయిలను తినునప్పుడు ఇన్సులిన్ మోతాదును, దానిని తీసుకొనే వేళను సరిచేసుకొనే పద్ధతుల గురించి ఈ వ్యాసం వివరిస్తుంది. మైసూర్ పాకు, సున్నుండలు, అరిసెలు, బొబ్బట్లు, పూతరేకులు వంటి తెలుగువారి పిండివంటలలో చక్కెర లేదా బెల్లంతో పాటు నెయ్యి కూడా హెచ్చుపాళ్ళలో ఉంటుంది. చక్కెర రక్తంలో గ్లూకోజును త్వరగా పెంచుతుంది. నెయ్యి ఆ పెరుగుదలను ఆలస్యం చేసి, చాలా గంటల పాటు సాగదీస్తుంది. అందువలన కేవలం తీపిని మాత్రమే లెక్కించి తీసుకొన్న మోతాదు తిన్న గంటకు ఎక్కువై, ఐదారు గంటలకు తక్కువై కనిపించడం ఈ వ్యాధి ఉన్న చాలామందికి అనుభవమే.

ఇక్కడ ఇచ్చిన లెక్కలు విషయం అర్థం కావడానికి మాత్రమే. ఏ ఒక్కరి మోతాదూ మరొకరికి పనికిరాదు. మోతాదులో మార్పులు చికిత్స చేస్తున్న వైద్యుని సలహాతోనే చేయాలి.

రెండు రకాల మధుమేహాల మధ్య తేడా

తెలుగునాట "షుగరు వ్యాధి" అనగానే నడివయసు దాటిన వారికి వచ్చే రెండవ రకం మధుమేహమే అందరికీ గుర్తుకు వస్తుంది. ఆ రకంలో శరీరం ఇన్సులిన్‌ను తయారు చేస్తూనే ఉంటుంది, కానీ అది చాలదు లేదా సరిగా పనిచేయదు. మొదటి రకంలో పరిస్థితి వేరు. శరీరపు రక్షణ వ్యవస్థ పొరబడి, క్లోమంలోని లాంగర్‌హాన్స్ పుటికలలో ఉండే బీటా కణాలను తానే నాశనం చేస్తుంది. ఇన్సులిన్ ఉత్పత్తి దాదాపుగా ఆగిపోతుంది. ఇది ఎక్కువగా బాల్యంలోను, యౌవనంలోను బయటపడుతుంది, అయితే ఏ వయసులోనైనా రావచ్చును. తీపి ఎక్కువగా తినడం వలన ఈ వ్యాధి వస్తుందన్న మాటలో నిజం లేదు. ఈ అపోహ మూలంగా ఎందరో తల్లులు చేయని తప్పుకు మాటలు పడుతున్నారు.

ఈ తేడా మిఠాయిల విషయంలో చాలా ముఖ్యమైనది. ఆరోగ్యవంతుని క్లోమం ఒక లడ్డూ తిన్న వెంటనే కావలసినంత ఇన్సులిన్‌ను, కావలసినంత సేపు విడుదల చేస్తుంది. మొదటి రకం మధుమేహం ఉన్న వ్యక్తి ఆ పనిని సూదితోనో, పెన్నుతోనో, పంపుతోనో స్వయంగా చేసుకోవాలి. అంటే తినబోయే పదార్థంలో ఏమున్నదో, అది ఎంత సేపటిలో జీర్ణమవుతుందో ముందుగా అంచనా వేయక తప్పదు.

చరిత్ర

1921లో కెనడాలోని టొరంటో నగరంలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్, మెక్లియడ్, కోలిప్‌ల కృషి ఫలితంగా ఇన్సులిన్ కనుగొనబడింది. 1922 జనవరిలో లెనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ళ బాలునికి దానిని మొదటిసారి ఇచ్చారు. అంతకు ముందు ఈ వ్యాధి సోకిన పిల్లలను దాదాపు పస్తులు పెట్టి కొన్ని నెలలు, మహా అయితే ఒకటి రెండేళ్ళు బ్రతికించగలిగేవారు. ఇన్సులిన్ వచ్చిన తరువాత కూడా ఆహార నియమాలు చాలా కాలం కఠినంగానే కొనసాగాయి. తానే మధుమేహ రోగి అయి, ఇన్సులిన్ వలన ప్రాణాలు దక్కించుకొన్న లండన్ వైద్యుడు ఆర్.డి. లారెన్స్, ఆహారాన్ని 10 గ్రాముల పిండిపదార్థం గల భాగాలుగా విభజించి లెక్కించే పద్ధతిని రూపొందించాడు. నేటి పిండిపదార్థాల లెక్కింపునకు ఇది ఒక పూర్వరూపం.

అప్పటి పద్ధతిలో ఇన్సులిన్ మోతాదు స్థిరంగా ఉండేది, రోగి తిండిని దానికి అనుగుణంగా మార్చుకొనేవాడు. ఈ వరుసను తిరగవేసి, తిండికి అనుగుణంగా మోతాదును మార్చే విధానానికి బలం చేకూర్చినది అమెరికా, కెనడాలలో 1441 మందిపై జరిగిన డి.సి.సి.టి. అనే పెద్ద అధ్యయనం. 1993లో వెలువడిన దీని ఫలితాల ప్రకారం, రోజుకు మూడు నాలుగు సార్లు ఇన్సులిన్ తీసుకొంటూ చక్కెరను అదుపులో ఉంచుకొన్నవారిలో కంటి జబ్బు కొత్తగా వచ్చే ప్రమాదం 76 శాతం తగ్గింది. అయితే చక్కెర ప్రమాదకరంగా పడిపోయే ఘటనలు మూడు రెట్లు పెరిగాయి. ఈ రెండవ సంగతిని కూడా మరువరాదు. 1994లో అమెరికా డయాబెటిస్ సంఘం తన ఆహార సూచనలను సవరించి, చక్కెరను పూర్తిగా నిషేధించవలసిన శాస్త్రీయ ఆధారం లేదని, పిండిపదార్థం ఎక్కడి నుండి వచ్చిందన్న దానికంటే మొత్తం ఎంత అన్నదే ముఖ్యమని పేర్కొన్నది. 1996లో లిస్‌ప్రో, ఆ తరువాత ఆస్పార్ట్ వంటి త్వరిత ఇన్సులిన్‌లు రావడంతో ఈ పద్ధతి ఆచరణలో సులభమైంది. 2002లో బ్రిటన్‌లో ప్రచురితమైన "డాఫ్నే" అధ్యయనం, శిక్షణ పొందిన రోగులు తమకు నచ్చినది తింటూ కూడా చక్కెరను మెరుగ్గా అదుపు చేసుకోగలరని చూపింది.

మిఠాయిలోని పదార్థాలు, వాటి ప్రభావం

మిఠాయిలో రక్తపు చక్కెరను ప్రభావితం చేసేవి మూడు: పిండిపదార్థాలు, కొవ్వు, మాంసకృత్తులు.

పిండిపదార్థాలలో చక్కెర, బెల్లం, బియ్యప్పిండి, మైదా, శనగపిండి అన్నీ చేరతాయి. ఇవే జీర్ణమై గ్లూకోజుగా రక్తంలోకి వస్తాయి. బెల్లం మంచిది, చక్కెర చెడ్డది అన్న నమ్మకం తెలుగు ఇళ్ళలో బలంగా ఉన్నది. బెల్లంలో కొద్దిగా ఇనుము వంటి ఖనిజాలు ఉన్నమాట వాస్తవమే. కానీ 100 గ్రాముల బెల్లంలో సుమారు 95 గ్రాములు పిండిపదార్థమే. ఇన్సులిన్ లెక్కకు వచ్చేసరికి రెండింటికీ చెప్పుకోదగిన తేడా లేదు. తేనె, ఖర్జూరం కూడా అంతే. "షుగర్ లెస్" అని అమ్మే అంజీరు, ఖర్జూరపు మిఠాయిలలో విడిగా చక్కెర కలపకపోయినా, ఆ పండ్లలోని చక్కెర పుష్కలంగా ఉంటుంది. సుక్రలోజ్ వంటి కృత్రిమ తీపి వాడిన మిఠాయిలలో సైతం పిండి, కోవా, నెయ్యి యథాతథంగా ఉంటాయి కనుక వాటికీ ఇన్సులిన్ అవసరమే.

కొవ్వు స్వయంగా గ్లూకోజుగా మారేది చాలా స్వల్పం. అయినా అది రెండు విధాల పనిచేస్తుంది. మొదటిది, జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. దీనితో తీపి రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. రెండవది, కొన్ని గంటల తరువాత రక్తంలో పెరిగిన కొవ్వు ఆమ్లాలు ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి, కాలేయం గ్లూకోజును ఎక్కువగా విడుదల చేసేట్లు చేస్తాయి. 2013లో అమెరికాలోని వోల్పర్ట్ బృందం ఈ విషయాన్ని చక్కగా నిరూపించింది. ఒకే పరిమాణంలో పిండిపదార్థం ఉన్న రెండు భోజనాలను, ఒకదానిలో 10 గ్రాములు, మరొకదానిలో 60 గ్రాముల కొవ్వు ఉండేటట్లు తయారు చేసి, మొదటి రకం మధుమేహం ఉన్న ఏడుగురికి పెట్టారు. కొవ్వు ఎక్కువైన భోజనానికి సగటున 42 శాతం అధికంగా ఇన్సులిన్ అవసరమైంది. అయినా చక్కెర ఎక్కువగానే ఉండిపోయింది. అందులోను మనిషికీ మనిషికీ మధ్య తేడా చాలా ఎక్కువగా కనిపించింది. పరీక్షకు గురైనవారు కొద్దిమందే అయినా, తరువాతి అధ్యయనాలు ఈ ధోరణినే బలపరిచాయి.

మాంసకృత్తులు ఎక్కువైనప్పుడు గ్లూకగాన్ అనే హార్మోను పెరిగి, అదీ మూడు నాలుగు గంటల తరువాత చక్కెరను పెంచుతుంది. 2013లోనే స్మార్ట్ బృందం పిల్లలపై చేసిన అధ్యయనంలో కొవ్వు ప్రభావం, మాంసకృత్తుల ప్రభావం ఒకదానికొకటి కూడుకొంటాయని తేలింది. మన మిఠాయిలలో మాంసకృత్తుల పాలు సాధారణంగా తక్కువ. కోవా, పాలతో చేసినవి, సున్నుండలు కొంత మినహాయింపు.

ఇంటి మిఠాయిలో పిండిపదార్థాన్ని లెక్కించే విధం

పాశ్చాత్య దేశాలలో చాక్లెట్, బిస్కట్ పొట్లాలపై పోషక విలువలు ముద్రించి ఉంటాయి. ఇంట్లో వండిన అరిసె మీద అటువంటిదేమీ ఉండదు. అయితే లెక్క కట్టడం అసాధ్యమేమీ కాదు. వాడిన దినుసుల తూకం, తయారైన మొత్తం తూకం, తిన్న ముక్క తూకం తెలిస్తే చాలు. దినుసుల పోషక విలువలకు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురణలు ప్రామాణికం. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన ఈ సంస్థ సి. గోపాలన్ తదితరుల పాత పట్టికలను, 2017లో కొత్త పట్టికలను వెలువరించింది. కొత్త పట్టికలలో పీచుపదార్థాన్ని వేరుగా చూపినందువలన పప్పుల పిండిపదార్థం అంకెలు పాతవాటికంటే కొంత తక్కువగా కనిపిస్తాయి. ఇక్కడి ఉదాహరణలలో పాత పట్టికల అంకెలనే సుమారుగా తీసుకోవడమైనది.

మైసూర్ పాకు: 100 గ్రాముల శనగపిండి, 200 గ్రాముల చక్కెర, 200 గ్రాముల నెయ్యి కలిపి చేసినదనుకొందాం. నీరంతా ఆవిరైపోతుంది కనుక మొత్తం సుమారు 500 గ్రాములు. శనగపిండిలో 60 గ్రాములు, చక్కెరలో 200 గ్రాములు, వెరసి 260 గ్రాముల పిండిపదార్థం. 40 గ్రాముల ముక్కకు 21 గ్రాములు వస్తుంది. అదే ముక్కలో కొవ్వు 16 గ్రాములకు పైగా ఉంటుంది.

సున్నుండ: 250 గ్రాముల మినప్పప్పు, 250 గ్రాముల బెల్లం, 150 గ్రాముల నెయ్యి కలిపితే 650 గ్రాములు. పిండిపదార్థం పప్పు నుండి 150, బెల్లం నుండి 237, మొత్తం 387 గ్రాములు. 40 గ్రాముల ఉండకు సుమారు 24 గ్రాముల పిండిపదార్థం, 9 గ్రాముల కొవ్వు, 4 గ్రాముల కంటే కొంచెం తక్కువ మాంసకృత్తులు. మైసూర్ పాకు కంటే పిండిపదార్థం కాస్త ఎక్కువే అయినా, అందులో మూడవ వంతుకు పైగా పప్పు నుండి వచ్చేదే. మినప్పిండి చక్కెర కంటే నిదానంగా జీర్ణమవుతుంది.

అరిసెలు, కాజాలు వంటి నూనెలో వేగే వాటికి ఈ లెక్క అంత ఖచ్చితంగా కుదరదు. ఎంత నూనె పీల్చుకొన్నదీ, చెక్కపై నొక్కినప్పుడు ఎంత కారిపోయిందీ చెప్పలేము. పాకంలో నానే గులాబ్ జామున్ విషయంలో పాకమెంత లోపలికి పోయిందన్నది అంచనాయే. ఇటువంటి వాటికి తిన్న తరువాత చక్కెర పరీక్షించి, ఆ ఫలితాన్ని ఒక పుస్తకంలో వ్రాసుకొని, తరువాతి సారికి లెక్కను సవరించుకోవడమే ఆచరణలో మేలైన దారి. పూతరేకులు చూడడానికి, పట్టుకోవడానికి తేలికగా ఉండి మోసం చేస్తాయి. రేకు పలుచన కావచ్చును గాని పొరల మధ్య చల్లేది చక్కెర లేక బెల్లపు పొడి, పూసేది నెయ్యి. తిరుమల శ్రీవారి లడ్డూ ఒక్కటి సుమారు 175 గ్రాములు తూగుతుంది. దానిని పదిమందికి పంచి తినే ఆచారం ఈ వ్యాధి ఉన్నవారికి ఎంతో అనుకూలమైనది.

ఒక మంచి వంటింటి తక్కెడ (గ్రాములలో చూపేది) ఉంటే పిల్లలకు ఈ లెక్క నేర్పడం సులభం. ఐదారు తరగతుల గణితం తెలిసిన పిల్లవాడు దీనిని స్వయంగా చేయగలడు.

మోతాదు నిర్ణయం

మోతాదుకు రెండు అంకెలు ముఖ్యం. ఒక యూనిట్ త్వరిత ఇన్సులిన్ ఎన్ని గ్రాముల పిండిపదార్థానికి సరిపోతుందన్నది ఒకటి. ఒక యూనిట్ రక్తపు చక్కెరను ఎంత తగ్గిస్తుందన్నది రెండవది. వీటిని మొదట అంచనా వేయడానికి వైద్యులు 500, 1800 అనే సంఖ్యలను రోజు మొత్తం మోతాదుతో భాగిస్తారు. రోజుకు 40 యూనిట్లు తీసుకొనేవారికి యూనిట్‌కు సుమారు 12 గ్రాములు, 45 మిల్లీగ్రాములు వస్తాయి. ఇది ప్రారంభం మాత్రమే. తరువాత వ్యక్తిని బట్టి, పూటను బట్టి కూడా ఇవి మారుతాయి. చాలామందికి ఉదయం పూట ఎక్కువ ఇన్సులిన్ అవసరమవుతుంది.

ఈ వ్యక్తి పైన చెప్పిన మైసూర్ పాకు రెండు ముక్కలు తింటే పిండిపదార్థం 42 గ్రాములు, అనగా మూడున్నర యూనిట్లు. తినడానికి ముందు చక్కెర 200 ఉండి, 110కి తేవాలనుకొంటే మరో రెండు యూనిట్లు కలుస్తాయి. ఇంతవరకు లెక్క సులువే. చిక్కంతా రెండు ముక్కలలోని 33 గ్రాముల కొవ్వుతోనే.

పోలండ్‌లోని వార్సా నగరంలో పాంకోవ్‌స్కా, ఆమె సహచరులు దీనికొక పద్ధతి సూచించారు. కొవ్వు, మాంసకృత్తుల నుండి వచ్చే ప్రతి 100 క్యాలరీలకు 10 గ్రాముల పిండిపదార్థానికి ఇచ్చేంత ఇన్సులిన్‌ను అదనంగా, పంపు ద్వారా మూడు నుండి ఎనిమిది గంటల పాటు నెమ్మదిగా ఇవ్వాలన్నది దాని సారాంశం. రెండు ముక్కల మైసూర్ పాకులో ఈ క్యాలరీలు సుమారు 310. అంటే 31 గ్రాములకు సమానమైన, సుమారు రెండున్నర యూనిట్ల అదనపు ఇన్సులిన్. మూడున్నర కాస్తా ఆరు అవుతుంది. ఈ పద్ధతిని అక్షరాలా పాటించినప్పుడు తిన్న తరువాత చక్కెర బాగా తగ్గినా, హైపో ఘటనలు పెరిగినట్లు వారి అధ్యయనంలోనే కనిపించింది. 2016లో ఆస్ట్రేలియాకు చెందిన కిర్‌స్టీన్ బెల్ తదితరులు కొవ్వు, మాంసకృత్తులు అధికంగా గల పిజ్జాతో చేసిన అధ్యయనంలో సగటున 65 శాతం అదనపు ఇన్సులిన్ అవసరమైంది. అందులో 30 శాతాన్ని ముందుగాను, మిగిలిన 70 శాతాన్ని సుమారు రెండున్నర గంటల పాటును ఇవ్వవలసి వచ్చింది. ఇందులో కూడా కొందరికి అదనంగా కొద్దిగానే అవసరం కాగా, మరికొందరికి రెట్టింపు కంటే ఎక్కువ పట్టింది.

ఇన్ని తేడాలున్నప్పుడు అనుభవజ్ఞులైన వైద్యులు పెద్ద అంకెలతో మొదలుపెట్టరు. పిండిపదార్థానికి తగిన మోతాదును మార్చకుండా, దానిని రెండుగా విడదీసి ఇచ్చి చూడడం మొదటి మెట్టు. అది చాలదని రెండు మూడు సార్లు రుజువైన తరువాతనే కొద్దికొద్దిగా పెంచుతారు. ఒక్క ముక్క తిన్నప్పుడు కొవ్వు కోసం సాధారణంగా ఏమీ చేయనక్కరలేదు. పులిహోర, గారెలు, నేతి బొబ్బట్లు, పాయసం అన్నీ ఒకే విస్తరిలో చేరే పండుగ భోజనమే అసలు సమస్య. ఒక్కొక్కటిగా చూస్తే కొద్దిగానే ఉన్న కొవ్వు అన్నీ కలిసేసరికి 50, 60 గ్రాములు దాటవచ్చును.

ఇన్సులిన్ తీసుకొనే వేళ

త్వరిత ఇన్సులిన్‌లు 10 నుండి 15 నిమిషాలలో పని మొదలుపెట్టి, ఒకటి రెండు గంటల మధ్య ఉచ్చస్థితికి చేరి, మూడు నుండి ఐదు గంటలలో ముగిసిపోతాయి. జిలేబి, రసగుల్లా వంటి పాకం మిఠాయిలకు తినడానికి 15 నిమిషాలు ముందు తీసుకోవడం మంచిది. నేతి మిఠాయికి మొత్తం మోతాదును అలాగే ముందు తీసుకొంటే, తీపి ఇంకా పొట్టలో ఉండగానే ఇన్సులిన్ పనిచేసి చక్కెర పడిపోవచ్చును. రోగి కంగారుపడి మరికొంత తీపి తింటాడు. ఆపై నాలుగైదు గంటలకు రెండూ కలిసి చక్కెర 300 చేరుతుంది. "తక్కువైందని తిన్నాను, ఎక్కువెలా అయింది" అని రోగులు అడిగే ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఇదే.

పంపు వాడేవారు మోతాదులో కొంత వెంటనే, కొంత రెండు మూడు గంటల పాటు వచ్చేటట్లు అమర్చుకోవచ్చును. పెన్ను లేదా సిరంజి వాడేవారు సగం ముందు, సగం ఒకటి రెండు గంటల తరువాత పొడుచుకొంటారు. రెండవ పోటుకు ముందు చక్కెర పరీక్షించడం తప్పనిసరి. రెండవది మరచిపోతారన్న భయం ఉన్నవారు, ముఖ్యంగా పెళ్ళి పందిళ్ళలో, సెల్ ఫోనులో అలారం పెట్టుకోవచ్చును.

మన దేశంలో ఖరీదు కారణంగా ఎంతోమంది నేటికీ పాత రకం రెగ్యులర్ ఇన్సులిన్‌నే వాడుతున్నారు. అది అరగంట ముందు తీసుకోవాలి, ఆరు నుండి ఎనిమిది గంటలు పనిచేస్తుంది. పాతదన్న చిన్నచూపు దాని మీద ఉన్నా, నేతి భోజనానికి దాని నెమ్మది నడక ఒక విధంగా సరిపోతుంది. మోతాదును విడదీయవలసిన అవసరం తక్కువ. ఉదయం, రాత్రి స్థిర మోతాదులో 30/70 మిశ్రమ ఇన్సులిన్ తీసుకొనేవారికి మాత్రం ఈ వ్యాసంలోని పద్ధతులు వర్తించవు. మిశ్రమంలోని రెండు భాగాలను వేరువేరుగా పెంచడం సాధ్యం కాదు. వారు మిఠాయిని అదనంగా కాక, భోజనంలోని అన్నంలో కొంత తగ్గించి దానికి బదులుగా తినడమే మార్గం. ఒక సున్నుండకు సుమారు 24 గ్రాముల పిండిపదార్థం గల అన్నం, అనగా చిన్న కప్పులో అరకప్పు పైచిలుకు తగ్గించాలి.

దీర్ఘకాలిక మధుమేహం వలన జీర్ణాశయపు నరాలు దెబ్బతిన్నవారిలో తిండి ఎప్పుడు జీర్ణమవుతుందో ముందుగా చెప్పడం కష్టం. వీరికి తిన్న తరువాత ఇన్సులిన్ తీసుకోవడమే క్షేమమని వైద్యులు సూచించవచ్చును.

ప్రమాదాలు, జాగ్రత్తలు

మోతాదు మీద మోతాదు: మిఠాయి తిన్న రెండు గంటలకు చక్కెర 280 చూసి ఒక మోతాదు, మరో గంటకు దిగలేదని ఇంకొకటి తీసుకోవడం చాలా ప్రమాదకరం. ముందు తీసుకొన్నది ఇంకా శరీరంలో పనిచేస్తూనే ఉంటుంది. అన్నీ ఒక్కసారిగా పనిచేసి అర్ధరాత్రి స్పృహ తప్పే స్థితి రావచ్చును. రాత్రి విందు తరువాత పడుకొనే ముందు, మళ్ళీ తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో ఒకసారి పరీక్షించడం మంచిది. చర్మానికి అంటించుకొనే నిరంతర గ్లూకోజ్ సెన్సర్లు ఉన్నవారు చక్కెర అంకెతో పాటు బాణం గుర్తు ఎటు చూపుతున్నదో గమనించాలి. 180 ఉండి కిందికి దిగుతున్న చక్కెర, 180 ఉండి పైకి పోతున్న చక్కెర ఒకటి కావు.

హైపోకు మిఠాయి మందు కాదు: చక్కెర 70 కంటే తగ్గి చెమటలు, వణుకు, తడబాటు కలిగినప్పుడు ఇంట్లోవారు చేతికందిన లడ్డూనో, చాక్లెట్‌నో నోట్లో పెట్టడం కద్దు. అందులోని కొవ్వు వలన చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. మూడు చెంచాల (సుమారు 15 గ్రాములు) చక్కెర లేదా గ్లూకోజు పొడి నీళ్ళలో కలిపి త్రాగించి, 15 నిమిషాల తరువాత తిరిగి పరీక్షించడం సరైన పద్ధతి. స్పృహ లేని వ్యక్తి నోట్లో ఏదీ పోయరాదు. గ్లూకగాన్ సూది అందుబాటులో ఉంటే ఇచ్చి, వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

సిరంజి తేడా: మన దేశంలో సీసాలలోని ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల గాఢతలోను, పెన్నులలోనిది 100 యూనిట్ల గాఢతలోను లభిస్తుంది. 40కి ఎరుపు మూత సిరంజి, 100కి నారింజ రంగు మూత సిరంజి వాడాలి. 100 గాఢత మందును 40 సిరంజిలో కొలిస్తే రెండున్నర రెట్లు ఎక్కువ ఇన్సులిన్ శరీరంలోకి పోతుంది. పండుగకు ఊరు వెళ్ళినప్పుడు అక్కడి మందుల దుకాణంలో దొరికిన సిరంజి కొనేవారు దీనిని ముఖ్యంగా చూచుకోవాలి.

చిన్న పిల్లలు: రోజుకు 16 యూనిట్లు తీసుకొనే పిల్లవానికి ఒక యూనిట్ సుమారు 31 గ్రాములకు సరిపోతుంది. ఒక మైసూర్ పాకు ముక్కకు ముప్పావు యూనిట్ కూడా పట్టదు. ఇటువంటి వారికి అర యూనిట్ చొప్పున కొలిచే పెన్నులు ఉపయోగపడతాయి. పెద్దల లెక్కలో "ఒక యూనిట్ ఎక్కువైతే ఏమవుతుంది" అనుకొనేది వీరికి పెద్ద తేడా.

కీటోన్లు: జ్వరం, వాంతులు ఉన్నప్పుడు, లేదా చక్కెర 250 దాటి మూత్రంలో కీటోన్లు కనిపించినప్పుడు మిఠాయిలు పూర్తిగా మానాలి. ఇన్సులిన్ మాత్రం మానకూడదు. ఆకు పసరుతోనో, పొడులతోనో ఇన్సులిన్ అవసరం లేకుండా చేస్తామనే ప్రకటనలను నమ్మి సూదులు మానివేసిన మొదటి రకం రోగులు కొద్ది రోజులలోనే కీటోఅసిడోసిస్ అనే ప్రాణాంతక స్థితికి చేరుకొంటారు.

మొదటి రకం మధుమేహం ఉన్నవారిలో కొందరికి గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధి కూడా ఉంటుంది. వారు మైదాతో చేసే కాజా, బొబ్బట్ల జోలికి పోరాదు. బియ్యంతో చేసే అరిసెలు, పూతరేకులు తినవచ్చును.

సామాజిక కోణం

పిండివంట తెలుగువారి ఇళ్ళలో తిండి మాత్రమే కాదు. సంక్రాంతికి అరిసెలు, వినాయక చవితికి ఉండ్రాళ్ళు, రంజాన్ నాడు హైదరాబాదు ఇళ్ళలో షీర్ ఖుర్మా, పెళ్ళి విందులో ఖుబానీ కా మీఠా, గుడిలో ప్రసాదం వద్దనడం మర్యాద కాదన్న భావన ఉన్నది. వ్యాధి ఉన్న పిల్లవానికి ఒక్కనికే వడ్డించకుండా ఊరుకోవడం, లేదా వాని కోసమని ఇంటిల్లిపాదీ పండుగ చేయడం మానివేయడం, రెండూ ఆ పిల్లవాని మనసుపై భారమే. పూర్తి నిషేధం ఉన్న ఇళ్ళలో పిల్లలు చాటుగా తినడం, తిన్నందుకు ఇన్సులిన్ తీసుకొంటే బయటపడుతుందని తీసుకోకపోవడం వైద్యులకు తరచుగా ఎదురయ్యే సమస్య. మిఠాయి చేసే చెరుపు కంటే తీసుకోని ఇన్సులిన్ చేసే చెరుపు చాలా ఎక్కువ. పిల్లవాడు నిజం చెప్పినప్పుడు కోప్పడని ఇంట్లోనే ఈ లెక్కలన్నీ ఉపయోగపడతాయి.

ఆడపిల్లల విషయంలో మరొక చిక్కు ఉన్నది. పెళ్ళి సంబంధాలకు అడ్డమవుతుందని వ్యాధిని బంధువులకు కూడా తెలియకుండా దాచే కుటుంబాలున్నాయి. శుభకార్యంలో అందరితో పాటు మిఠాయి తినవలసి వచ్చి, సూది తీసుకోవడానికి చాటు లేక మోతాదు తప్పిపోవడం ఇందువలన జరుగుతుంది. బరువు పెరుగుతామన్న భయంతో యుక్తవయసు వారు కావాలనే ఇన్సులిన్ తగ్గించుకోవడం కూడా ఉన్నది. దీనిని తిండికి సంబంధించిన మానసిక రుగ్మతగా గుర్తించి వైద్యం చేయించాలి.

భారత వైద్య పరిశోధన మండలి 2022లో మొదటి రకం మధుమేహం చికిత్సకు ప్రత్యేకంగా మార్గదర్శకాలను విడుదల చేసింది. రోగికి, కుటుంబానికి ఆహారపు లెక్కలు నేర్పడం చికిత్సలో భాగమని వైద్యులు భావిస్తారు. చికిత్స పొందుతున్న చోట పోషకాహార నిపుణులు ఉంటే, పండుగకు ఒకటి రెండు వారాల ముందే ఇంటి వంటకాల కొలతలు వ్రాసుకొని వెళ్ళి, మోతాదు ఎలా విడదీయాలో అడిగి తెలుసుకోవచ్చును.